హసింతా చేను, నికనోర్ అక్షరాలు

సాన్ బర్తోలో, ప్వెబ్లా
1945 మార్చి

అక్కా,

నువ్వు పంపిన నీలం నూలు అందింది. శాలువా అంచు అల్లడం మొదలుపెట్టాను. కండెలు ఒలవడం అయిపోయింది, గింజలు గాదెలో పడ్డాయి. ఇక అసలు సంగతి చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

చదువొచ్చిన ప్రతివాళ్ళూ చదువురాని ఒకరికి అక్షరాలు నేర్పి తీరాలని సర్కారు చట్టం చేసింది కదా. మొన్న ఆదివారం పూజ అయ్యాక బడి పంతులు చర్చి ముందు బల్ల వేసుకుని, సంతలో గొర్రెల్ని జతచేసినట్టు మమ్మల్నందరినీ జతలు కట్టాడు. నా వంతుకి ఎవరొచ్చారో తెలుసా? నికనోర్. అవును, ఆ నికనోరే.

దొర ఎస్టేటుని ముక్కలు చేసి ఊరికి పంచిన ఏడు, నాకూ ఒక చేను కావాలని సభలో లేచి నిలబడ్డాను గుర్తుందా? నా మొగుడు ఇసీద్రోని దొర మనుషులు కాల్చేసిన కాలువ గట్టు పక్క చేనే కావాలన్నాను. అప్పుడు అందరికంటే ముందు పగలబడి నవ్విన మనిషి ఈయన. "నాగలి పట్టేదెవరు తల్లీ, నీ పావడానా?" అన్నాడు. ఊరంతా నవ్వింది. అమ్మని పోషించే విధవరాలిని, చట్ట ప్రకారం నాకు హక్కుందని అధికారి చెప్పాకే ఆ నోళ్ళు మూతపడ్డాయి. చేను నాకొచ్చింది. నాగలీ పట్టాను. ఇన్నేళ్ళలో ఆయన గట్టు మీద ఎదురైతే నేను ఆకాశంలో కొంగల్ని చూసేదాన్ని.

ఇప్పుడు ఆ పెద్దమనిషి రోజూ సాయంత్రం మా వాకిట్లో చిన్న పీట మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, పలక పట్టుకుని, "ఇది అ-నా, దోన్యా హసింతా?" అని, అమ్మగారూ అన్నంత మర్యాదగా అడుగుతున్నాడు. దేవుడున్నాడక్కా!

నీ చెల్లెలు,
హసింతా


మెక్సికో నగరం
ఏప్రిల్

హసింతా,

నీ ఉత్తరం వంటింట్లోనే విప్పి చదివాను. నేను నవ్విన నవ్వుకి పైనున్న అద్దెవాళ్ళు గిన్నెలు పడ్డాయనుకుని దిగి వచ్చారు. పొయ్యి మీద బీన్స్ అడుగంటాయి. ఈ పూటకూళ్ళ ఇంట్లో ఇన్నేళ్ళుగా వండుతున్నాను, నా చేతిలో ఏదీ మాడలేదు. ఆ పాపం నికనోర్ ఖాతాలో వెయ్యి.

వాణ్ణి ఊరికే వదలకు. ముందుగా "పావడా" అన్న మాట రాయించు. పలక అరిగేదాకా రాయించు. ఆ తర్వాతే మిగతా అక్షరాలు.

నాకు మా వీధి చాకలామె దొరికింది. రెండు వారాల్లో తన పేరు రాసేసి, మూడో వారంలో మొగుడి జేబులో కాగితాలు చదవడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో ఇప్పుడు పెద్ద యుద్ధం జరుగుతోంది. దేశానికి చదువు మంచిదే, మొగుళ్ళకే కాస్త కష్టం.

ఒక్క మాట అడుగుతాను. ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుంటాడా, పక్కన పెట్టుకుంటాడా? నీ ఉత్తరం అంతా ఆయనే కదా, ఈ ఒక్క సంగతి ఎందుకు మిగిల్చావా అని.

దొమితీలా


సాన్ బర్తోలో
మే

అక్కా,

టోపీ పక్కన పెట్టుకుంటాడు. ఇక సంతోషమేనా?

మన ప్వెబ్లాలో ఫ్రెంచివాళ్ళని ఓడించిన మే అయిదు పండగ బాగా జరిగింది. ఎప్పటిలాగే సగం ఊరు ఫ్రెంచి సైనికులై, సగం ఊరు మన కొండవాళ్ళై, ఉత్తుత్తి తుపాకులతో బజారంతా పొగ నింపారు. తాతయ్య నిజంగానే ఆ యుద్ధంలో కొట్లాడాడని నేనన్నాను. నికనోర్ నమ్మలేదు. "ఈ జిల్లాలో ప్రతి తాతా అక్కడే ఉన్నాడంటున్నారు. అంతమంది ఉంటే ఫ్రెంచివాళ్ళు ఓడ దిగేవాళ్ళే కాదు దోన్యా హసింతా" అన్నాడు. నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను.

ఆయనకి చదువెందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది. మీసం మొలవని వయసులో, భూమి కోసం తిరగబడ్డ జపాతా దండు ఊరి మీదుగా పోతుంటే వెంటపడి పోయాడట. తుపాకీ ఇవ్వకుండా బూరా ఇచ్చారట. "పిల్లలు బడిలో అక్షరాలు దిద్దుతుంటే నేను కొండల్లో బూరా ఊదుకుంటూ పరుగులు తీశాను. అంతా అయ్యాక చూస్తే మేస్త్రీ వేలు పట్టి ముద్ర వేయించుకునే కాగితాలే మిగిలాయి" అన్నాడు. ఆ మాట నవ్వుతూనే అన్నాడు గానీ, పలక మీద నుంచి తల ఎత్తలేదు.

మొట్టమొదట ఏ మాట రాయడం నేర్చుకుంటారని అడిగితే తన పేరు అనలేదు. తన ఎద్దు పేరు అడిగాడు. "నా పేరు అందరూ పిలుస్తారు. దాని పేరు నేనొక్కణ్ణే పిలుస్తాను" అన్నాడు. ఎవరైనా ఇలా మాట్లాడతారా?

మర దగ్గర పిండికి వరసలో నిల్చున్నప్పుడు ఆడవాళ్ళు గుసగుసలు పోతున్నారు. అందుకే పీటలు వాకిట్లోంచి వీధి అరుగు మీదికి మార్చాను. ఎవరైనా చూడొచ్చు. చూసేదేముంది కనుక!

వానలు ఇంకా రాలేదు.

హసింతా


మెక్సికో నగరం
జూన్

హసింతా,

"చూసేదేముంది కనుక" అని రాసిన మనిషి దాని పక్కన ఆశ్చర్యార్థకం పెట్టదు. నేను నీ అక్కని. నీకు పాలపళ్ళు ఊడినప్పుడు పక్కనున్నదాన్ని. దాచకు.

నీకు ఆయన నచ్చాడు. నచ్చితే నచ్చాడులే, అది నేరం కాదు. ఇసీద్రో పోయి పదేళ్ళు దాటింది, ఆయన భార్యా పోయింది, కొడుక్కి పెళ్ళీ అయింది. కానీ ఒక సంగతి నీకు తెలుసో లేదో. చేను ఉన్న ఆడది, చేను ఉన్న మగవాణ్ణి పెళ్ళాడితే ఆమె చేను పోతుంది. ఒక ఇంటికి ఒక చేనే అట. మగవాడిది ఉంటుంది, ఆడదానిది ఊరి భూముల సంఘానికి వెళ్ళి ఇంకొకరికి ఇచ్చేస్తారు. పక్క ఊరి తొమాసాకి అదే జరిగింది. ఇప్పుడు ఆమె తన చేతుల్తో నాటిన కిత్తలి మొక్కల్ని గట్టు మీంచి చూసుకుంటోంది.

హసింతా, నాన్న సంగతి గుర్తు తెచ్చుకో. ఎస్టేటు గుమాస్తా గుర్రం అల్లంత దూరాన కనిపిస్తే చాలు, టోపీ తీసి చేతిలో పట్టుకుని దుమ్ములో నిలబడేవాడు. గుర్రం పోయాక కూడా కాసేపు పెట్టుకునేవాడు కాదు. స్పెయినువాళ్ళు పోయి వందేళ్ళయింది, ఫ్రెంచివాళ్ళు పోయారు, ఎన్నో జెండాలు మారాయి, కానీ నాన్న టోపీ మాత్రం చేతిలోనే ఉంది. మన ఇంట్లో సొంత మట్టి మీద నిలబడ్డ మొదటి మనిషివి నువ్వు. దాన్ని ఒక మగవాడి నవ్వు కోసం పోగొట్టుకోకు.

కోపంగా రాశాను. చింపేసి మళ్ళీ రాయడానికి తీరిక లేదు.

దొమితీలా


సాన్ బర్తోలో
జూలై

అక్కా,

నువ్వు గెలిచావు. దాచను.

వానలు పడ్డాయి. మొక్కజొన్న నడుం ఎత్తు పెరిగింది. పోయిన వారం నికనోర్ పాఠానికి వచ్చి, ఇవాళ తనే ఒక వాక్యం రాస్తానన్నాడు. నాకు వీపు చూపించి, పలక దాచుకుని, చెమటలు పట్టేదాకా రాశాడు. తర్వాత పలక నా ఒళ్ళో పెట్టి గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాడు.

మన స్పానిష్ భాషలో పెళ్ళాడటానికీ వేటాడటానికీ ఒక్క అక్షరమే తేడా కదా. పలికితే రెండూ ఒకటే, రాస్తేనే బండారం బయటపడేది. పలక మీద ఏముందో తెలుసా? "దోన్యా హసింతా, మీకు ఇష్టమైతే మీతో వేటాడాలని ఉంది."

"దేన్ని?" అన్నాను.

"ఏంటి దేన్ని?"

"వేటాడేది దేన్ని, దోన్ నికనోర్? కుందేళ్ళనా, అడవి పందులనా?"

పాపం, ఆయన పలక తీసుకుని, తల అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఎక్కడ చెడిపోయింది?" అన్నాడు. నేను ఆ ఒక్క అక్షరం తుడిచి సరైనది రాశాను. రాశాక గానీ నేనేం రాశానో నాకు తెలియలేదు. ఇద్దరం నవ్వాం.

తర్వాత చెప్పాను, అక్కా. నువ్వు రాసిందంతా చెప్పాను. చట్టం ఆయనకీ తెలుసట, తెలిసే అడిగాడట. "నా చేను పెద్దది, నీటి దగ్గరుంది. ఇద్దరికీ సరిపోతుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "నా చేను ఆకలికి సరిపోవడానికి కాదు. అది నేను. మీ నవ్వుల మధ్య నిలబడి తెచ్చుకున్నదాన్ని మీ నవ్వు చూసి ఇచ్చెయ్యను" అన్నాను. ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పాఠానికి రాలేదు. పీట అరుగు మీదే ఉంది. లోపల పెట్టబుద్ధి కావడం లేదు.

హసింతా


మెక్సికో నగరం
ఆగస్టు

చెల్లీ,

ఆ పీట తీసి లోపల పెట్టు, వానకి తడుస్తుంది.

మంచిపని చేశావు. అయినా నాకు అన్నం సహించడం లేదు. నువ్వు సరిగ్గా నేను చెప్పినట్టే చేశావు కదా, మరి నాకెందుకిలా ఉందో తెలియదు.

ఇక్కడి భూముల ఆఫీసు వైపు ఏదో పనుండి వెళ్ళాను. నీ కోసం కాదు. వరసలో నిలబడటానికి ఒక పూట పట్టింది. కూడా తీసుకెళ్ళిన మొక్కజొన్న ఆకుల్లో చుట్టి ఉడికించిన పిండి ఉండలు నా ముందున్నవాళ్ళకీ వెనకున్నవాళ్ళకీ పెట్టాను. వాళ్ళంతా ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో! ఉత్తరాది ఎడారి నుంచి వచ్చిన ఒక ముసలాయన చెప్పులు చేత్తో పట్టుకుని, "ఇది మన ఆఫీసా, దొరల ఆఫీసా?" అని అందర్నీ అడుగుతున్నాడు. మనదేనని చెప్పాం. అప్పుడు చెప్పులు తొడుక్కున్నాడు.

లోపలి గుమాస్తా మంచివాడే. చట్టం నేను చెప్పినట్టే ఉందన్నాడు. కానీ రిజిస్టరు పెళ్ళినే సర్కారు చూస్తుందట, చర్చి పెళ్ళి దాని కంటికి ఆనదట. చర్చిలో మాత్రం చేసుకుని ఊరుకుంటే చేనుకి ఢోకా లేదు. దేశంలో సగం జంటలు అలాగే కాపురం చేస్తున్నారు. ఆలోచించు. నేను చెప్పానని ఆయనతో అనకు.

దొమితీలా


సాన్ బర్తోలో
సెప్టెంబరు

అక్కా,

నీ కోసం కాదంటూనే పూటంతా వరసలో నిలబడ్డ నీ చేతులకి ముద్దులు.

నువ్వు చెప్పిన దారి నడవదు. ఫాదర్‌ని అడిగాను. రిజిస్టరు కాగితం చూపించందే పీఠం ముందు నిలబెట్టనన్నాడు. బతిమాలితే కరిగేవాడేమో. కానీ నేనే బతిమాలలేదు. అలా చేసుకుంటే సంఘం సభకి వెళ్ళినప్పుడల్లా ఎవరు లేచి అడుగుతారోనని కళ్ళు దించుకు కూర్చోవాలి. దేశంలో మనకి ఇంకా ఓటు లేదు. ఆ ఒక్క సభలోనే నా చెయ్యి చెయ్యిగా లెక్కకొస్తుంది. ఆ చెయ్యి వణుకుతూ ఎత్తలేను.

స్వాతంత్ర్యం పండగకి బజారులో జెండాలు కట్టారు. ఊరి పెద్ద మేడ మీంచి జై కొడుతూ "వీవా మెహికో" అని అరిస్తే మేమంతా గొంతు చించుకున్నాం. బూరా ఊదింది నికనోర్. ఊది దిగి, మిరపకాయల బుట్టల పక్కన నన్ను పట్టుకున్నాడు.

"టీచరమ్మా, నేను పాఠం మానలేదు. ఇంట్లో దిద్దుతున్నాను."

"ఎవరు దిద్దిస్తున్నారు?"

"మా అబ్బాయి భార్య. ఆవిడ మీలాగ తిట్టదు. అందుకే సరిగ్గా రావడం లేదు."

నేను నవ్వలేదు. నవ్వినట్టు కనపడి ఉంటే అది బాణసంచా వెలుగు. ఆయన టోపీ తిప్పుతూ, "ఆ రోజు మీరన్నది అరిగించుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. వచ్చే నెల సభకి రండి" అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. నాకు భయంగా ఉంది. మంచి భయమో చెడ్డ భయమో తెలియడం లేదు.

హసింతా


సాన్ బర్తోలో
అక్టోబరు

అక్కా, అక్కా,

కూర్చుని చదువు. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించు.

సభ బడిలో జరిగింది. పిల్లల బెంచీల మీద మగవాళ్ళు ఇరుక్కుని కూర్చున్నారు. చేను ఉన్న మేము ముగ్గురు విధవరాళ్ళం వెనక గోడ దగ్గర కూర్చున్నాం. నీళ్ళ వంతుల మాట తేలాక నికనోర్ లేచాడు. "నా చేను వదులుకుంటున్నాను. మా అబ్బాయి ఎలాదియోకి భూమి లేదు, వాడికి పెళ్ళాం పిల్లలున్నారు. వాడికి ఇమ్మని సంఘాన్ని అడుగుతున్నాను" అన్నాడు.

సంఘం పెద్ద ఎపిఫానియోకి కళ్ళు పెద్దవయ్యాయి. నీటి పక్క చేను కదా. "వదిలేశాక అది సంఘానిది నికనోర్. ఎవరికివ్వాలో సంఘం చూస్తుంది. మా మేనల్లుడికీ భూమి లేదు" అన్నాడు. ఆ చేను ఎలాదియోకి రాకపోతే ఆ తండ్రీకొడుకులు ఇద్దరూ కూలీలే. నా మూలంగా.

"తెలుసు. అయినా వదులుతున్నాను" అన్నాడు నికనోర్.

"మరి నువ్వేం తింటావయ్యా?" అన్నారెవరో.

"దోన్యా హసింతా నన్ను చేసుకుంటానంటే ఆమె చేనులో పనిచేస్తాను. అననంటే కూలికి పోతాను."

అక్కా, ఊరు ఊరంతా నా వైపు తిరిగింది. తర్వాత ఎపిఫానియో, "అయితే పావడా నాగలి పడుతుంది, నువ్వు పావడా పట్టుకుంటావన్నమాట!" అన్నాడు. బెంచీలు విరిగేలా నవ్వారు.

నికనోర్ ఆ నవ్వు అయిపోయేదాకా ఆగాడు. "నవ్వండి. ఈ నవ్వు మొదలుపెట్టింది నేనే, దాని రుచి నాకు తెలుసు. కాలువ గట్టు చేనులో ఈ ఏడు కండెలు చూశారా? నా కండెలూ చూశారు. ఏ నాగలి వెనక నడిస్తే మంచిదో నాకు అర్థమైంది. మీకెప్పుడు అర్థమవుతుందో మీ ఇష్టం" అన్నాడు.

ఈసారి నవ్వలేదు. ఎవరో దగ్గారు.

చేను వదులుకునే కాగితం పెట్టారు. ఎపిఫానియో సిరా డబ్బా ముందుకు తోశాడు, వేలు అద్దమని. నికనోర్ దాన్ని పక్కకి జరిపి కలం అడిగాడు. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని ఒక్కో అక్షరం రాస్తుంటే, చెట్టు నరుకుతున్నట్టు బల్ల కదిలింది. చివరి అక్షరం ముందు ఆగిపోయాడు. మర్చిపోయాడని నాకు తెలిసింది. ఆపుకోలేక వెనక నుంచి, "కొక్కెం లాంటిది!" అని అరిచాను. "ఆ, అదే!" అని రాసేశాడు. అప్పుడు మాత్రం అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఆ తర్వాత చేతులెత్తమన్నారు. ఎలాదియోకి చేను ఇవ్వాలన్నవాళ్ళలో ముందు ఎత్తింది మేం ముగ్గురమే. కాసేపు మా చేతులే గాల్లో ఉన్నాయి. తర్వాత ముందు వరసలోని జపాతా దండు ముసలాయన ఎత్తాడు. ఆయన్ని చూసి పక్కవాడు ఎత్తాడు. అలా అలా గదంతా లేచింది. ఎపిఫానియో లెక్కపెట్టడం మధ్యలోనే మానేశాడు.

బయట మెట్ల మీద నికనోర్ అడిగాడు, "మరి మీ మాట?"

"ముందు కుందేళ్ళ వేటా, అడవి పందులా?" అన్నాను.

నవంబరు చివర పెళ్ళి. రిజిస్టరు పెళ్ళీ, చర్చి పెళ్ళీ, రెండూ. నువ్వు రాకపోతే పీఠం దగ్గర నేను వద్దంటాను.

హసింతా


మెక్సికో నగరం
నవంబరు

చెల్లీ,

వస్తున్నాను. నల్ల మిరపకాయలు, కోకో, దాల్చినచెక్క ఇక్కడి నుంచి తెస్తాను. టర్కీ కోళ్ళు మాత్రం అక్కడే బలిపించు. మిరపకాయల మోలే పులుసు నేనే కలుపుతాను. ఎవరైనా గరిటె పట్టుకుంటే ఊరుకోను.

నీ ఉత్తరం చాకలామె చేత బయటికి చదివించాను. తనే అడిగింది. "కొక్కెం లాంటిది" దగ్గర ఇద్దరం ఏడ్చాం, ఉల్లిపాయల మీద నెట్టేశాం.

ఇప్పుడు నేనూ ఒకటి చెప్పాలి. జూన్‌లో అంత కోపంగా రాశాను చూడు, అదంతా చేను గురించే కాదు. ఈ వంటింటి మెట్లు నా మోకాళ్ళు ఇంకెన్నాళ్ళో ఎక్కవు. అమ్మ పోయినప్పటి నుంచీ అనుకుంటూ వచ్చాను, చివరికి ఆ ఇంటికే వచ్చి నీ పక్కన కూర్చుని బీన్స్ ఒలుచుకోవచ్చని. అరుగు మీద ఒక మగవాడు కనపడేసరికి నా పీట ఎవరో లాక్కున్నట్టయింది. నాన్న టోపీని అడ్డం పెట్టుకుని నా భయం రాశాను. టోపీ సంగతి నిజమే అనుకో. భయమూ నిజమే.

నువ్వేం బెంగపడకు. ఇక్కడ నాకు మనుషులున్నారు. పెళ్ళిలో ఈ మాట ఎత్తకు, నేను మోలే మీద ధ్యాస పెట్టాలి.

దొమితీలా


సాన్ బర్తోలో
1946 జనవరి

అక్కా,

నీ మోలే గురించి ఊరు ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఎపిఫానియో మూడుసార్లు వడ్డించుకుని, "దొమితీలా ఊళ్ళో ఉంటే సంఘానికే మంచిది" అన్నాడు. ఇప్పుడాయన మేనల్లుడికి చింతచెట్ల వైపు మిగిలిన చేను దొరికింది, అందుకే మెత్తబడ్డాడు.

నువ్వు వద్దన్నావని పెళ్ళిలో ఏమీ అనలేదు. నీ రైలు కదిలాక ఆయనకి నీ ఉత్తరం చదవమని ఇచ్చాను. కోప్పడకు. అంతా తనే చదివాడు, వేలు కింద పెట్టుకుని, స్టేషను ఖాళీ అయ్యేదాకా. చదివాక మడిచి నా చేతిలో పెట్టి, "మోకాళ్ళు నొప్పులంటే మెట్లు ఉండకూడదు. నేల మట్టానికే కట్టాలి" అన్నాడు. ఏది అంటే, "గది" అన్నాడు.

మర్నాటి నుంచీ ఎలాదియో, ఆయనా మట్టి తొక్కుతున్నారు. పెరట్లో నాగజెముడు కంచె పక్కన ఇటుకలు ఆరబెట్టారు. పొద్దున నాతో చేనులో పనిచేసి, మధ్యాహ్నం నుంచి గోడ ఎత్తుతున్నాడు. మర దగ్గరి ఆడవాళ్ళు పిండి తట్టలతో అటే వచ్చి సలహాలు చెబుతున్నారు. ఎవరి మాటా వినడం లేదు. "ఇది వదినగారి గది. ఆవిడే చెప్పాలి" అంటున్నాడు.

అందుకే ఈ ఉత్తరం తొందరగా రాస్తున్నాను. పొద్దుటి ఎండ కావాలంటే తూర్పుకి, వీధిలో ఎవరు పోతున్నారో చూడాలంటే ఉత్తరానికి. కిటికీ ఎటు పెట్టమంటావో వెంటనే రాయి. గోడ నడుం దాకా వచ్చింది.

హసింతా